పిచ్చిగీతని దాచేస్తే మ్యాప్ బాగుపడదు

"అక్కా, ఈ గీతలు ఎలా తీసేయాలో కొంచెం చెప్తారా" అంటూ మొన్న మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి ఒక మ్యాప్ పంపింది. పసిఫిక్ మధ్యలోకి వచ్చేలా గీసిన ప్రపంచపటం. సముద్ర ఉష్ణోగ్రతల రంగులు చక్కగానే పడ్డాయి, వాటి మీద తీరరేఖలు, దేశాల సరిహద్దులు, ఆ సరిహద్దుల్లోంచి పుట్టుకొచ్చినట్టు ఎడమ అంచు నుంచి కుడి అంచు దాకా అడ్డంగా ఓ పది పన్నెండు గీతలు, ఎవరో స్కేలు పెట్టి కొట్టేసినట్టు.

చూడగానే నవ్వొచ్చింది. ఎందుకంటే చాలా ఏళ్ళ కిందట ఇదే మ్యాప్‌ని, ఇవే గీతలతో, నేను ఒక మీటింగ్‌లో చూపించా. వెనక వరసలోంచి ఒకాయన చాలా సీరియస్‌గా "ఇవి సముద్రం అడుగున వేసిన కేబుళ్ళా అండీ?" అని అడిగాడు. "కాదండీ, చిన్న ప్లాటింగ్ సమస్య" అనేసి గబగబా స్లైడ్ మార్చేశా.

ఆ "చిన్న ప్లాటింగ్ సమస్య" అన్న మాట మీదే ఇప్పుడు నా గొడవంతా. అది ప్లాటింగ్ సమస్య కాదు, చిన్నది అంతకంటే కాదు. మ్యాప్ మీద కనిపించే ఆ గీత, మన డేటా అప్పటికే చిరిగిపోయిందని చెప్తున్న ఒకే ఒక్క సాక్షి. మనమేమో ముందు ఆ సాక్షి నోరు నొక్కడానికి చూస్తాం.

అసలేం జరుగుతుందో మ్యాపులతో పని చేసేవాళ్ళకి తెలిసిందే కాబట్టి రెండు ముక్కల్లో చెప్పేస్తా. ఈఆర్‌ఏ5 లాంటి వాతావరణ డేటాలో రేఖాంశాలు 0 నుంచి 359.75 దాకా ఉంటాయి, పావు డిగ్రీకి ఒకటి చొప్పున 1440 నిలువు వరసలు. నేచురల్ ఎర్త్ లాంటి చోట దొరికే దేశాల షేప్‌ఫైల్‌లో (సరిహద్దుల్ని వరస పాయింట్లుగా దాచిన ఫైల్) మాత్రం -180 నుంచి 180, గ్రీనిచ్‌కి పడమరవన్నీ మైనస్. రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చోవాలంటే ఏదో ఒకటి మార్చాలి, మైనస్ ఉన్న ప్రతి పాయింట్‌కీ 360 కలిపేస్తే సరి అనుకుంటాం. గ్రీనిచ్‌కి పడమర -1 దగ్గరున్న పాయింట్ 359కి వెళ్ళిపోతుంది, దాని పక్కనే +1 దగ్గరున్న పాయింట్ 1 దగ్గరే ఉండిపోతుంది. ఆ రెంటినీ కలపమని ఫైల్‌లో రాసుంది, కంప్యూటర్ కలిపింది. యూకే, ఫ్రాన్స్, స్పెయిన్, అల్జీరియా, మాలీ, బుర్కినా ఫాసో, టోగో, ఘనా, ఈ ఎనిమిది దేశాల మీదుగా పోతుంది ఆ సున్నా రేఖ, అంటార్కిటికా సరేసరి. గీతలన్నీ వీటిలోంచే.

మసిపూసి మారేడుకాయ

ఆ మీటింగ్ తర్వాత నేను చేసిన పని చెప్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. తీరరేఖని గీతగా కాకుండా చుక్కలుగా గీశా. చుక్కలు ఒకదాన్నొకటి కలుపుకోవు కదా, కాబట్టి అడ్డగీత ఉండదు. చుక్క సైజు బాగా తగ్గించి దగ్గరదగ్గరగా పెడితే చూసేవాళ్ళకి గీతలాగే ఉంటుంది. ఆ స్క్రిప్ట్ నాకు నాలుగేళ్ళు నడిచింది, పైగా నలుగురికి పంచిపెట్టా కూడా.

ఇంతకంటే ఘోరం కూడా చూశాలెండి. గ్రిడ్ డేటాకి, అంటే గళ్ళగళ్ళుగా ఉండే ఆ వాతావరణ డేటాకి, రేఖాంశాలు మార్చాక వాటిని వరసలో పెట్టుకోవాలి, ఎక్స్‌అర్రే అనే పైథాన్ లైబ్రరీలో అందరూ చేసేదే, అది కరెక్టే, లేకపోతే కాంటూర్లు (సమాన విలువల్ని కలిపే గీతలు) పిచ్చిపిచ్చిగా వస్తాయి. ఆ పాఠం నేర్చుకున్న ఒక మిత్రుడు అదే మందు తీరరేఖకి కూడా వేశాడు, పాయింట్లన్నిటినీ రేఖాంశం ప్రకారం సార్ట్ చేసేశాడు. గ్రిడ్‌లో పాయింట్ల వరస అనేది సౌకర్యం కోసమే, తీరరేఖలో మాత్రం ఆ వరసే ఆకారం. వచ్చిన బొమ్మ చూస్తే ప్రపంచం మొత్తం ఒక దువ్వెన. "ఇప్పుడు అడ్డగీతలు లేవు చూడు" అన్నాడు, నిజమే, అన్నీ నిలువుగీతలే.

కొంచెం మర్యాదైన చిట్కా ఇంకోటుంది. పక్కపక్క పాయింట్ల మధ్య రేఖాంశం 180 కంటే ఎక్కువ దూకితే అక్కడ ఒక ఖాళీ విలువ పెట్టేయడం, గీత అక్కడ తెగిపోతుంది. ఉత్త గీతలకైతే నేనిప్పటికీ దీన్ని తప్పనను. తుఫాను దారులకి, ఓడల దారులకి, సముద్రంలో తేలే పరికరాల దారులకి బానే పని చేస్తుంది. 1994లో జాన్ అనే తుఫాను 180 రేఖని అటొకసారి ఇటొకసారి దాటింది, 31 రోజులు బతికింది, ఆ రేఖకి ఇటువైపు హరికేన్ అనీ అటువైపు టైఫూన్ అనీ రెండు పేర్లతో తిరిగింది. అలాంటి దారిని -180 నుంచి 180 పద్ధతిలో గీస్తే మ్యాప్ మీద రెండు అడ్డగీతలు ఖాయం. దూకిన చోట తెంపేస్తే బొమ్మ శుభ్రంగా వస్తుంది. అయితే ఆ తుఫాను ఎంత దూరం ప్రయాణించిందో అదే వరస మీద ముందు పాయింట్లోంచి వెనక పాయింట్ తీసేసి లెక్కేస్తే, తెంపిన చోటి రెండు ముక్కలూ గల్లంతు, తెంపకుండా లెక్కేస్తే ఒక్కో దాటుడికీ దాదాపు 360 డిగ్రీలు అదనం. దారులకి సరైన పని వాటిని విప్పడం, అంటే 179 తర్వాత -179 వస్తే దాన్ని 181 అని రాసుకుంటూ పోవడం. పైథాన్‌లో లెక్కలకి వాడే నంపైలో అన్‌ర్యాప్ అని ఫంక్షనే ఉంది దానికి.

పాలిగాన్‌కి వచ్చేసరికి ఈ తెంపుడు అసలు కుదరదు. పాలిగాన్ అంటే మూసుకున్న గీత, మధ్యలో తెంపితే లోపల, బయట అన్న మాటలకే అర్థం లేదు. అంటార్కిటికా ఉంది చూశారా, మామూలు షేప్‌ఫైల్‌లో దాన్ని చదరంగా గీయడం కోసం -180 దగ్గర కిందికి దిగి, -90 అక్షాంశం మీద ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి, 180 దగ్గర పైకెక్కి మూస్తారు. ఆ కింది అంచు ఒకే ఉదుటున 360 డిగ్రీలు దూకుతుంది. అది పిచ్చిగీత కాదు, ఖండానికి అడుగు. దూకుడు చూసి తెంపేసే స్క్రిప్ట్‌కి ఆ తేడా తెలీదు. పోనీ తెంపకుండా 360 కలిపారనుకోండి, -180 కూడా 180 అయిపోతుంది, 180 ఎలాగూ 180నే, కింది అంచు మొత్తం ఒక బిందువుకి ముడుచుకుపోతుంది. మిగిలేది 70 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర ఒక అడ్డగీత, దానికీ తీరానికీ మధ్య కాసిన్ని రంగు పేలికలు. అంత పెద్ద ఖండం మాయం.

మాలీకి సముద్రం వచ్చింది

నా అభిప్రాయం మారింది బొమ్మల వల్ల కాదు, ఒక టేబుల్ వల్ల.

దేశాలవారీగా నెలసరి సగటు ఉష్ణోగ్రతలు తీయాలి. షేప్‌ఫైల్ ఉంది, 360 కలిపే నా స్క్రిప్ట్ ఉంది, ఏ గ్రిడ్ పాయింట్ ఏ దేశం లోపలుందో చూసే ఫంక్షన్ ఉంది. నడిపించా, నంబర్లొచ్చాయి. ఒక్కటి కూడా వింతగా లేదు. మైనస్ నలభైలు లేవు, ఖాళీలు లేవు. పంపేశా. వారం తర్వాత ఒకావిడ దగ్గర్నుంచి రెండు లైన్ల మెయిల్: మాలీలో ఎండాకాలానికీ చలికాలానికీ తేడా ఇంత తక్కువేంటి, సగం దేశం సహారాలో ఉంది కదా?

ముందు డేటా మీద అనుమానపడ్డా, తర్వాత నెలల లెక్క మీద. ఒక పూట పోయాక విసుగొచ్చి మాలీ పాలిగాన్ ఒక్కదాన్నే తీసి రంగు నింపి చూశా.

సున్నా రేఖ మాలీని పైన సుమారు 22 డిగ్రీల అక్షాంశం దగ్గర, కింద సుమారు 15 దగ్గర కోస్తుంది. 360 కలిపాక ఆ రెండు చోట్లా సరిహద్దు గీత భూగోళం చుట్టూ సాగిపోయింది. రెండు పొడవాటి గీతలు, వాటి మధ్య ఒక పట్టీ. కంప్యూటర్ దృష్టిలో ఆ పట్టీ అంతా మాలీ. సౌదీ ఎడారి మాలీ, అరేబియా సముద్రం మాలీ, పసిఫిక్ మొత్తం వెడల్పునా మాలీ, కరేబియన్ మాలీ. అసలు మాలీ నడుము ఉన్న చోట మాత్రం సరిహద్దు గీతా, ఈ పొడవాటి గీతా రెండూ పడి ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి, అది "బయట" అయి కూర్చుంది. చుట్టూ నేల తప్ప సముద్రమే తగలని దేశానికి నేను రెండున్నర మహాసముద్రాలు కట్టబెట్టి, దేశాన్ని మాత్రం తీసేశానన్నమాట.

ఇందులో నన్ను భయపెట్టింది తప్పు జరగడం కాదు, ఆ తప్పు ఎంత నమ్మేలా ఉందోనన్నది. పట్టీ అదే అక్షాంశాల మీద ఉంది కాబట్టి సగటు ఉష్ణోగ్రత మరీ పిచ్చిగా రాలేదు, ఉష్ణమండలంలో ఉండాల్సినట్టే ఉంది. పట్టీలో ఎక్కువ భాగం సముద్రం కాబట్టి కాలాల మధ్య తేడా మాత్రం అణిగిపోయింది. ఆవిడకి సహారా గురించి తెలియకపోయి ఉంటే అది అలాగే ఉండిపోయేది. ఆ రెండు పొడవాటి గీతలు నాకు నాలుగేళ్ళ ముందే మ్యాప్ మీద కనిపించాయి, కేబుళ్ళా అని అడిగింది వీటి గురించే, నేను వాటిని చుక్కలు చేసి మాయం చేశా. చుక్కల బొమ్మలో అన్నీ బాగున్నాయి కాబట్టి పాలిగాన్ కూడా బాగుందనుకున్నా.

పాయింట్‌ని కాదు, ముక్కని జరపాలి

సరే, మరి ఏం చేయాలి. వరస ముఖ్యం: ముందు కోయాలి, తర్వాత జరపాలి. కొత్త మ్యాప్‌కి అంచు ఎక్కడ రావాలో అక్కడ, అంటే 0-360 కావాలంటే సున్నా రేఖ మీద, ప్రతి పాలిగాన్‌నీ నిలువునా కోసి రెండు ముక్కలు చేసి, పడమటి ముక్కని మొత్తంగా 360 డిగ్రీలు కుడికి జరపాలి.

మొత్తంగా అన్న మాట ఎందుకు నొక్కి చెప్తున్నానంటే నేను రెండోసారి దెబ్బ తిన్నది అక్కడే. సున్నా మీద కోశాక పడమటి ముక్కకి ఒక అంచు కచ్చితంగా సున్నా మీదే ఉంటుంది. పాత అలవాటుగా "మైనస్ అయితే 360 కలుపు" అంటే ఆ అంచు పాయింట్లు మైనస్ కావు కాబట్టి కదలవు, ముక్కలో మిగతావన్నీ కుడికి పోతాయి, అంచు ఎడమనే ఉండిపోతుంది, గీతలు మళ్ళీ హాజరు. 360తో భాగించి శేషం తీసినా అంతే, 360 కాస్తా 0 అయిపోతుంది. రెండో వైపు కూడా ఇదే రోగం: 180 కలిపి 360తో శేషం తీసి 180 తీసేసే ఫార్ములా ఉంది కదా, అందరం కాపీ కొట్టేది, దాంట్లో 180 వేస్తే -180 వస్తుంది. అప్పటికే -180 నుంచి 180లో పద్ధతిగా ఉన్న షేప్‌ఫైల్‌ని "ఎందుకైనా మంచిది" అని ఆ ఫార్ములాలోంచి ఒకసారి తోసి చూడండి, ఏ గొడవా లేని రష్యా మీద గీతలు మొలుస్తాయి, దాని తూర్పు కొసనున్న చుకోత్కా దగ్గర సరిగ్గా 180 మీద కోసిన అంచంతా అటు చివరికి ఎగిరిపోయి ఉంటుంది. అంచు మీదున్న పాయింట్ ఎటువైపుదో ఆ పాయింట్‌ని అడిగితే చెప్పలేదు, దాని ముక్కని అడగాలి.

పోస్ట్‌జీఐఎస్ అనే మ్యాపుల డేటాబేస్‌లో ఈ రెండు ఆలోచనలకీ రెండు వేరే ఫంక్షన్లున్నాయి. షిఫ్ట్ లాంగిట్యూడ్ పాయింట్లని జరుపుతుంది, ర్యాప్ ఎక్స్ కోసి ముక్కలని జరుపుతుంది. పేర్లు చూస్తే మొదటిదే మనక్కావాల్సిందనిపిస్తుంది, అందుకే అందరం ముందు దాన్నే పట్టుకుంటాం. ఫిజీ లాంటి ఒక చోటికి, సున్నా దరిదాపుల్లో ఏమీ లేనప్పుడు, అది చాలు కూడా. ప్రపంచం మొత్తానికి చాలదు.

జరిపాక ఇంకో పని మిగులుతుంది, చాలామంది వదిలేసేది. పాత ఫైల్‌లో 180 దగ్గర కోసి పెట్టిన ముక్కలు ఇప్పుడు పక్కపక్కనే వచ్చి ఆనుకుంటాయి, కానీ అతుక్కోవు. చుకోత్కా మీద, వ్రాంగెల్ దీవి మీద, ఫిజీ దీవుల మీద సన్నటి నిలువుగీత కనిపిస్తుంది, లేని సరిహద్దు. వాటిని కలిపేయాలి. అడ్డగీతల్ని చూసి కంగారుపడేవాళ్ళు ఈ నిలువుగీతని ఎందుకో పట్టించుకోరు, చిన్నది కదా, రష్యా మధ్యలో అదేదో జిల్లా హద్దనుకుంటారేమో.

(మధ్యలో ఒక మాట. ఈ టూల్స్‌లో సగం వాటికి డేట్‌లైన్ (తేదీ మారే గీత) అని పేర్లు పెట్టారు గానీ వాటికి తెలిసింది 180 రేఖ మాత్రమే. అసలు డేట్‌లైన్ 180 మీద తిన్నగా పోదు. కిరిబాటి 1995 మొదట్లో తన తూర్పు దీవుల్ని ఇటువైపు తేదీలోకి లాక్కుంది, సమోవా 2011లో డిసెంబరు 30ని క్యాలెండర్‌లోంచే ఎగరగొట్టి మారింది. రేఖాంశాలు మాత్రం అంగుళం కదల్లేదు.)

ఇంత హైరానా ఎందుకంటే

ఇక్కడ నాతో వాదించేవాళ్ళ మాట కూడా వినాలి, ఎందుకంటే వాళ్ళలో కొంతమంది నాకంటే బాగా తెలిసినవాళ్ళు.

ఒకరు అంటారు, అసలు ఈ రేంజుల గోల ఎందుకు, గోళాన్ని గోళంలాగే చూసే లైబ్రరీ వాడు, అదే చూసుకుంటుంది. వెబ్‌లో బొమ్మలు గీసే డీ3 అలాగే చేస్తుంది, అంచు దగ్గర తనే కోసుకుంటుంది, పైథాన్‌లో మ్యాపులు గీసే కార్టోపైలో కూడా జియోడెటిక్ అని చెప్తే గీతని దగ్గరి దారిలో గీస్తుంది. నిజమే, ఎన్నోసార్లు హాయిగా వాడా. కానీ గోళం మీద ప్రతి మూసిన గీతకీ రెండు లోపళ్ళుంటాయి, దేశం ఒకటి, దేశం తప్ప మిగతా భూమి ఇంకొకటి. ఏది లోపలో పాయింట్లు తిరిగే దిశని బట్టి తెలుస్తుంది. జియోజేసన్ అనే మ్యాప్ ఫైల్ పద్ధతికి ఉన్న నియమాలు, అంటే 2016లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 7946, బయటి గీత అపసవ్యంగా (గడియారానికి ఎదురు దిశలో) తిరగాలంటాయి, డీ3 సవ్యంగా (గడియారం దిశలో) తిరగాలంటుంది. ఆ ఫైల్‌ని ఇందులో తిన్నగా పెడితే ఒక చిన్న దీవి రంగు ప్రపంచమంతా పులుముకుంటుంది. అది కనిపించే తప్పు కాబట్టి మంచి తప్పే. అయినా ఆ లైబ్రరీ గీసే వరకే, నా సగటుల లెక్క దాని చేతిలో లేదు.

ఇంకో మాట, ఇది నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది: కోయడం కూడా అబద్ధమే కదా. కోసిన ప్రతి చోటా లేని అంచు పుడుతుంది, చుట్టుకొలత లెక్కలో అది కలుస్తుంది, ముక్కల్ని లెక్కపెట్టి దీవులెన్నో చెప్పేవాడికి ఫిజీలో ఎక్కువ దీవులొస్తాయి. ఆర్ఎఫ్‌సీ 7946 మాత్రం 180 దగ్గర కోసి దాచుకోమనే సలహా ఇస్తుంది, చాలా టూల్స్ మధ్య తిరిగే ఫైల్‌కి అదే క్షేమం అని. నేను ప్రస్తుతానికి ఆగిన చోటు ఇది: అసలు ఫైల్‌ని ముట్టుకోను, ఏ మ్యాప్‌కి ఆ మ్యాప్‌కి కోసిన కాపీ చేసుకుంటా, పొడవులు, చుట్టుకొలతలు కాపీ మీద లెక్కెయ్యను. ఇదే సరైనదని గట్టిగా చెప్పలేను, అసలు ఫైల్ కూడా ఎవరో ఒకసారి 180 దగ్గర కోసిందే కదా.

మూడోది, ఒక్క స్లైడ్ కోసం ఇంత అవసరమా అన్నది. అవసరం లేదు. తెంపేసి పని కానివ్వండి. ఆ స్క్రిప్ట్‌ని మాత్రం నాలుగేళ్ళు దాచుకోకండి.

కోత ఎక్కడ పెట్టాలన్నది మన చేతిలోనే ఉంది

-180 మంచిదా 360 మంచిదా అన్న తగువు కంప్యూటర్ల కంటే పాతది. 1883లో రోమ్‌లో జరిగిన జియోడెసీ (భూమిని కొలిచే శాస్త్రం) సదస్సు, గ్రీనిచ్ నుంచి తూర్పుకి ఒకే దిక్కుగా లెక్కపెట్టాలని చెప్పింది. సంవత్సరం తిరక్కుండానే 1884 అక్టోబరులో వాషింగ్టన్ సదస్సు, రెండు వైపులకీ 180 దాకా, తూర్పు ప్లస్ పడమర మైనస్ అని తీర్మానించింది. గ్రీనిచ్‌ని సున్నాగా ఒప్పుకోడానికి 22 ఓట్లు పడితే, ఈ రెండు వైపుల లెక్కకి పడ్డవి 14, వ్యతిరేకంగా 5, ఓటే వెయ్యనివాళ్ళు 6. అంటే సున్నా ఎక్కడ అన్నదాని కంటే ఎటు లెక్కపెట్టాలన్నదే తెగని తగువు. అందుకే ఈ రోజుకీ వాతావరణంవాళ్ళు ఒక లెక్క, మ్యాపులవాళ్ళు ఇంకో లెక్క.

ఎవరి కష్టం వాళ్ళది మరి. ఎల్ నినో చూసేవాళ్ళకి నినో 4 అనే ప్రాంతం ఉంది, 160 తూర్పు నుంచి 150 పడమర దాకా. -180 లెక్కలో 160 నుంచి -150 అని స్లైస్ అడిగితే ఖాళీ చేతులే, 360 లెక్కలో 160 నుంచి 210, హాయి. అదే 360 లెక్కలో ఆఫ్రికా మీద వానలు చూసేవాడికి ఖండం రెండు చెక్కలై మ్యాప్ రెండు చివర్లా వేలాడుతుంది.

నాకు వింతగా అనిపించేది ఏంటంటే, 0-360 అనగానే కోత సున్నా దగ్గరే పెట్టాలని మనం అనుకోవడం. పసిఫిక్ మధ్యలో పెట్టుకునే మ్యాప్‌కి సున్నా కంటే చెడ్డ చోటు దొరకదు, యూరప్, ఆఫ్రికా రెంటినీ చీలుస్తుంది. 30 డిగ్రీల పడమర చూడండి, అట్లాంటిక్ మధ్యగా పోతుంది, అది కోసే పెద్ద నేల గ్రీన్‌లాండ్, అంటార్కిటికా అంతే. అంటే రేఖాంశాలు -30 నుంచి 330, మధ్యలో 150. మాలీ కూడా ముక్కలవ్వకుండా బతికిపోతుంది. గ్రిడ్ డేటాని కూడా అక్కడే కోసి తిప్పుకోవచ్చు, ఆ 1440 వరసలు ఎక్కడ మొదలవ్వాలన్నది దేవుడేమీ రాసిపెట్టలేదు.

ఇదంతా ఆ అమ్మాయికి మెసేజ్‌లో రాయలేదు. గీతలు తీసే ముందు మాలీ ఒక్కదానికి పసుపు రంగు నింపి చూడు అన్నా. అరగంట తర్వాత ఫొటో వచ్చింది, ప్రపంచం చుట్టూ పసుపు పట్టీ. "అక్కా, మాలీలో మాలీ లేదు!" అని కింద. సాయంత్రానికి -30 దగ్గర కోసి, జరిపి, చుకోత్కా అతికించి పంపింది. బాగుంది. "అంటార్కిటికా ఇంకా అడుగున సరిగ్గా మూసుకోవట్లేదు, ఏం చేద్దాం" అంది. ఈ మ్యాప్‌కి 60 దక్షిణం దగ్గర ఆపేద్దాంలే అన్నా.

"అది కూడా దాచడమే కదక్కా?"

అవును.